చలికాలంలో పెరటి కోళ్లు: మీ ప్రశ్నలు, మా జవాబులు

పుష్యమాసం చలి ముదిరింది. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పెరటి కోళ్ల గురించే. జవాబులకు ముందు ఒక్క మాట. పెరిగిన కోడి చలికి తట్టుకుంటుంది, తడికీ గాలాడని గూటికీ తట్టుకోదు. పిల్ల సంగతి దీనికి తలకిందులు, దానికి వెచ్చదనం మనమే ఇవ్వాలి. కింది ఉత్తరాల్లోని కష్టాలు చాలావరకు ఈ రెంటినీ ఒక్కటిగా చూడటం వల్ల వచ్చినవే.

ప్రశ్న: మాది అల్లూరి జిల్లా చింతపల్లి దగ్గర. 15 నాటుకోళ్లు ఉన్నాయి. గూడు 8 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు, చుట్టూ వెదురు తడికె, పైన రేకు. మంచు ఎక్కువగా ఉందని నవంబరు చివర్లో చుట్టూ పట్టా బిగించి కట్టేశాం. ఇప్పుడు పొద్దున తలుపు తీస్తే కళ్లు మండుతున్నాయి. రేకు లోపలివైపు నీటి బొట్లు కారుతున్నాయి. రెండు పెట్టలు గురక పెడుతున్నాయి. రాత్రి గూట్లో కుంపటి పెట్టమని ఇరుగుపొరుగు వాళ్లు చెబుతున్నారు. పెట్టమంటారా?

జవాబు: వద్దు. మూసిన గూట్లో బొగ్గులు కాలుతుంటే పుట్టే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ ఉండదు, వాసనా ఉండదు. తెల్లారేసరికి గూట్లో ఉన్నవన్నీ చచ్చిపడి ఉండొచ్చు. తడికె గూడు కాబట్టి నిప్పు భయం సరేసరి. అసలు మీ కోళ్లకు కావలసింది వేడి కాదు. కోడి ఒంటి వేడి 41 డిగ్రీల దాకా ఉంటుంది. ఈకలు పొంగించుకుని, తల రెక్క కింద దూర్చుకుని కూర్చుంటే, ఈకల మధ్య నిలిచిన గాలే దానికి దుప్పటి. ఆ దుప్పటి పొడిగా ఉన్నంతకాలం లంబసింగి చలి కూడా నాటుకోడిని పెద్దగా ఏమీ చేయదు. తడిస్తే మాత్రం దుప్పటి లేనట్టే.

మీ గూట్లో ఆ తడి బయటి మంచుది కాదు, కోళ్లదే. కోడి రోజుకు పావు లీటరు దాకా నీళ్లు తాగుతుంది. గుడ్డులోకి పోగా మిగిలింది రెట్టగా, ఊపిరిగా బయటికి వస్తుంది. 15 కోళ్లు రాత్రంతా వదిలే ఆవిరికి పట్టా దారి మూసేసింది. అది పైకి వెళ్లి చల్లటి రేకును తాకి బొట్లు కట్టి, మళ్లీ కోళ్ల వీపు మీదా ఊక మీదా పడుతోంది. తడిసిన రెట్ట నుంచి అమోనియా పుడుతోంది. మీ కళ్లు మండించింది అదే. మనిషి నిలబడే ఎత్తులో మనకు ఘాటు తెలుస్తోందంటే, రెట్టకు జానెడు పైన ముక్కు ఉన్న కోడికి అప్పటికే హద్దు దాటిందన్నమాట. అమోనియా గొంతులోని పల్చటి పొరను దెబ్బతీస్తుంది, ఆ తర్వాత గురక తెగులు క్రిములకు అడ్డు ఉండదు.

పట్టా విప్పి పారేయనక్కర్లేదు, కట్టే తీరు మార్చండి. పట్టా కింది అంచును తడికె అడుగున గట్టిగా బిగించండి. పై అంచుకు తాడు కట్టి కిందికి దించుకునేలా పెట్టండి. ఎక్కువ మంది పైన బిగించి కింద వదిలేస్తారు. అప్పుడు గాలి నేల వారగా దూరి నేరుగా కోళ్లకు కొడుతుంది, ఆవిరి పోయే పైభాగం మాత్రం మూసుకుపోతుంది. రాత్రి ఎంత చలి ఉన్నా చూరు కింద ఒక జానెడు మేర చుట్టూ తెరిచే ఉంచండి. ఉత్తరం గాలి ఈదురుగా వీచే రోజున ఆ ఒక్క వైపు మూసి మిగతా మూడు వైపులా వదలండి. పొద్దున మంచు విడిచి ఎండ పడగానే పట్టా పూర్తిగా దించేయాలి.

కోళ్లు నేల మీద పడుకుంటున్నాయా, దండెం (ఎక్కి కూర్చునే కర్ర) మీదా అన్నది మీరు రాయలేదు. నేల మీదైతే ఈ వారమే దండెం వేయండి. అడుగున్నర నుంచి రెండడుగుల ఎత్తు చాలు. దండెం మీద కూర్చున్న కోడి తలకు, పైన తెరిచిన సందుకు మధ్య కనీసం అడుగున్నర ఎడం ఉండాలి, గాలి తల పైనుంచి పోవాలి. సన్నటి వెదురు బొంగు పనికిరాదు, కాళ్లు జారుతాయి, వేళ్లు బయటే ఉంటాయి. మీ వైపు కాఫీ తోటల్లో నీడకు పెంచే సిల్వర్ ఓక్ కొమ్మలు నరుకుతుంటారు కదా, రెండంగుళాలకు తగ్గని లావు కొమ్మ తెచ్చి పైభాగం కాస్త చదునుగా చెక్కండి. అప్పుడు కోడి కూర్చుంటే రొమ్ము ఈకలు పాదాల మీదికి దిగి వేళ్లను కప్పేస్తాయి. కోడికి 8 నుంచి 10 అంగుళాల చోటు చొప్పున 15 కోళ్లకు 12 అడుగులు కావాలి. మీ గూట్లో ఒకే ఎత్తున రెండు కర్రలు, మధ్య అడుగున్నర దూరంతో సరిపోతాయి. ఒకటి ఎత్తుగా, ఒకటి తక్కువగా వేస్తే పై కర్ర కోసం రోజూ పొట్లాటే.

నేల మీద పాత ఊక మొత్తం ఎత్తి పెంట పోగులో వేయండి. నేల ఒక ఎండ ఆరాక ఆరంగుళాల మందాన కొత్త ఊక పరవండి. వారానికి రెండుసార్లు పారతో అడుగు పైకి వచ్చేలా తిరగేయండి. తడి చూడటం తేలిక: గుప్పెడు ఊక తీసి పిడికిట్లో గట్టిగా నొక్కి వేళ్లు తెరవండి. ముద్దగా నిలిచిపోతే తడి ఎక్కువ, ఆ చోటి ఊక తీసేయాలి. మెల్లగా విచ్చుకుని రాలిపోతే బాగున్నట్టు. సున్నం చల్లే అలవాటు ఉంటే కోళ్లను బయటికి వదిలాకే చల్లి బాగా కలపండి. సున్నం తడి పీల్చుకుంటుంది గానీ, రెట్టలో ఉన్న అమోనియాను కొంతసేపు ఎక్కువగా పైకి లేపుతుంది. నీళ్ల గిన్నె రాత్రి గూట్లో ఉంచకండి. చీకట్లో కోడి నీళ్లు తాగదు, గిన్నె ఒలికి ఊక తడవడం తప్ప వేరే లాభం లేదు.

మంచు కురుస్తుండగా కోళ్లను వదలొద్దు. మీ దగ్గర 9 గంటల దాకా మంచు విడవని రోజులుంటాయి. గడ్డి తడిగా ఉంటే పొట్ట ఈకలు తడుస్తాయి. అప్పటిదాకా గూటి ముందు పొడి చోట మేత వేయండి.

గురక పెడుతున్న రెంటినీ ఈ రోజే వేరు చేయండి. గాలి బాగుపడ్డాక మూడు నాలుగు రోజుల్లో తగ్గకపోయినా, ముక్కు నుంచి చీమిడి, ముఖం వాపు, దుర్వాసన కనిపించినా పశువైద్యుడికి చూపించండి. అది కొరైజా అనే జలుబు తెగులు కావచ్చు, తాగే నీళ్ల ద్వారా మిగతా వాటికీ పాకుతుంది. మందుల షాపులో ఎవరో చెప్పిన యాంటీబయాటిక్ నీళ్లలో కలిపి పోయకండి. డోసు తప్పితే తెగులు పోదు, తర్వాత ఆ మందూ పనిచేయదు.

ప్రశ్న: మాది ఆసిఫాబాద్ జిల్లా తిర్యాణి మండలం. పోయిన నెల 50 వనరాజా పిల్లలు, ఒక్క రోజు వయసువి, తెచ్చాం. అట్టపెట్టెలో ఊక పోసి పైన ఎల్‌ఈడీ బల్బు పెట్టాం. మొదటి మూడు రాత్రుల్లోనే 19 పోయాయి. అన్నీ ఒక మూలన కుప్పగా పడి ఉన్నాయి. పిల్లల్లోనే లోపమా? మళ్లీ తెద్దామనుకుంటున్నాం.

జవాబు: ఆ లక్షణం పిల్లల లోపానిది కాదు, చలిది. ఎల్‌ఈడీ బల్బు వెలుగిస్తుంది, వెచ్చదనం ఇవ్వదు. చలికి పిల్లలన్నీ ఒక మూల చేరి ఒకదాని మీద ఒకటి ఎక్కాయి, అడుగున ఉన్నవి ఊపిరాడక పోయాయి. పెట్టెకు మూలలు లేకపోతే ఇన్ని పోయేవి కావు.

ఈసారి పిల్లలు రాకముందే పని మొదలవ్వాలి. అడుగున్నర ఎత్తున్న రేకునో గట్టి అట్టనో గుండ్రంగా చుట్టి నాలుగడుగుల వ్యాసంతో వలయం చేయండి. లోపల మూడంగుళాల ఊక, దాని మీద పాత పేపరు పరవండి. నున్నటి రంగుల పేపరు వద్దు, కాళ్లు జారి ఎడమైపోతాయి, ఆ పిల్ల తర్వాత సరిగా నిలబడదు. మూడో రోజు పేపరు తీసేయాలి. ఊక బూజు వాసన లేకుండా ఎండినది కావాలి. బూజు పట్టిన ఊక దుమ్ము పీలిస్తే పిల్లలకు ఊపిరితిత్తుల తెగులు పట్టుకుంటుంది. దానికి మందు లేదు.

మామూలు చోట్ల పిల్లకు 2 వాట్ల లెక్కన వేడి ఇస్తారు. మీ వైపు రాత్రి చలి 10 డిగ్రీల కంటే కిందికి పోతుంది కాబట్టి 4 వాట్లు లెక్కేసుకోండి. 50 పిల్లలకు 100 వాట్ల పాతరకం ఫిలమెంటు బల్బులు రెండు, ఊకకు అడుగున్నర ఎత్తున. 200 వాట్లది ఒక్కటే పెడితే అది మాడిపోయిన రాత్రి పిల్లలూ పోతాయి. బల్బును వైరుతో వేలాడదీయకండి, గొలుసుతో దూలానికి కట్టండి. ఊడి ఊకలో పడితే ఇల్లే అంటుకుంటుంది. పిల్లలు వచ్చే ముందు రోజు నుంచే బల్బులు వెలగాలి. గాలి ఒక్కటే వెచ్చబడితే సరిపోదు, ఊక అడుగూ వెచ్చబడాలి. పిల్ల చలి పాదాల నుంచే ఎక్కుతుంది.

ఊకకు రెండంగుళాల పైన, పిల్ల వీపు ఎత్తులో థర్మామీటరు కట్టండి. మొదటి వారం 35 డిగ్రీలు, ఆ తర్వాత వారానికి 3 డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ పోవాలి. బల్బు ఎత్తు పెంచితే వేడి తగ్గుతుంది. మామూలుగా నాలుగు వారాలు చాలు, మీ చలికి ఆరు వారాల దాకా రాత్రి వేడి ఉంచాల్సి రావచ్చు. థర్మామీటరు కంటే పిల్లలే నిజం చెబుతాయి. బల్బు కింద ముద్దగా చేరి కీచుమంటుంటే చలి. దూరంగా జరిగి, నోరు తెరిచి, రెక్కలు వదిలేస్తే వేడి ఎక్కువ. అన్నీ ఒకే పక్కకు నొక్కుకుంటే ఎదుటి పక్క నుంచి గాలి కొడుతోంది. వలయమంతా చెల్లాచెదురుగా, కొన్ని తింటూ, కొన్ని కాళ్లు చాచి పడుకుని ఉంటే సరిగ్గా ఉన్నట్టు. ఈ చూపు తెల్లవారుజామున నాలుగు గంటలకు ఒకసారి చూడాలి. రాత్రి పదింటికి బాగున్నాయని పడుకుంటే, చంపే చలి ఆ తర్వాతే వస్తుంది.

కరెంటు పోతుందన్న లెక్క ముందే వేసుకోండి. మూతున్న స్టీలు బిందెలు రెండింటిలో వేడినీళ్లు పోసి, గోనెసంచి రెండు మడతలు చుట్టి వలయంలో పెట్టండి. పిల్లలు వాటిని ఆనుకుని పడుకుంటాయి. వలయం మీద ముప్పాతిక వంతు గోనె కప్పి పావు వంతు తెరిచి ఉంచండి. మూడు నాలుగు గంటలకోసారి నీళ్లు మార్చాలి.

పిల్లలు దిగగానే మేత కాదు, ముందు నీళ్లు. కాచి చల్లార్చి గోరువెచ్చగా ఉన్న నీళ్లలో లీటరుకు ఒక చెంచా గ్లూకోజు కలిపి, ఒక్కో పిల్ల ముక్కును ఒకసారి నీళ్లలో ముంచి వదలండి. రెండు మూడు గంటలయ్యాక మొక్కజొన్న సన్నరవ్వ పేపరు మీద చల్లండి, మర్నాటి నుంచి పిల్లల దాణా. ఆ రాత్రి పది పిల్లలను పట్టుకుని మెడ కింద మేత సంచి వేలితో తడమండి. మెత్తగా నిండి ఉంటే తిని తాగినట్టు. గట్టిగా ఉంటే నీళ్లు తాగలేదు, ఖాళీగా ఉంటే వేడి చాలడం లేదు, చలికి వణికే పిల్ల మేత దగ్గరికి పోదు. వెనక రెట్ట అంటుకుని గడ్డకట్టిన పిల్లలుంటే గోరువెచ్చటి తడిగుడ్డతో మెత్తబరిచి తుడవండి, పీకొద్దు.

మారెక్స్ టీకా హేచరీలోనే వేశారో లేదో అడిగి తీసుకోండి. 5 నుంచి 7 రోజుల మధ్య కంట్లో ఒక చుక్క లసోటా (కొక్కెర తెగులు, అంటే రాణిఖేత్‌కు టీకా), రెండు వారాలకు గంబోరో తెగులు టీకా, 28వ రోజున మళ్లీ లసోటా. ఒక మాట మనసు విప్పి చెబుతున్నాం: మీకు కరెంటు నమ్మకం లేకపోతే డిసెంబరు, జనవరి నెలల్లో ఒక్క రోజు పిల్లలు తేవద్దు. నాలుగైదు వారాలు నర్సరీలో పెరిగిన పిల్లలను తెచ్చుకోండి. పిల్లకు ధర ఎక్కువే, కానీ 50కి 19 పోవడం కంటే చవక.

ప్రశ్న: మెదక్ దగ్గర పల్లె మాది. 12 గ్రామప్రియ పెట్టలున్నాయి. దసరాకు రోజుకు 7, 8 గుడ్లు వచ్చేవి, ఇప్పుడు 2 వస్తే గొప్ప. మేత తగ్గించలేదు. కొన్నిటికి మెడ మీద ఈకలు రాలాయి. ఏదైనా రోగమా?

జవాబు: రోగం కాదు. పగలు తగ్గింది, ఈకలు మారుస్తున్నాయి, చలికి మేత ఒంటి వేడికే సరిపోతోంది. మూడూ ఒకేసారి వచ్చాయి.

గుడ్డు పెట్టమని పెట్ట ఒంటికి చెప్పేది వెలుతురు. రోజుకు 14 గంటల వెలుతురు ఉంటే జోరుగా పెడుతుంది. జనవరి మొదట్లో మీ దగ్గర పొద్దు ఆరుముప్పావుకు పొడిచి, ఆరు కాకముందే గుంకుతుంది. అంటే 11 గంటలే. మిగతా మూడు గంటలు బల్బుతో ఇవ్వొచ్చు. ఇక్కడ ఎల్‌ఈడీ చాలు, 5 వాట్లది, పసుపు కాంతిది, కోళ్ల తల ఎత్తున నిలబడి పేపరు చదవగలిగేంత వెలుగు పడితే సరి. ఆ వెలుతురు తెల్లవారుజామునే ఇవ్వండి. సాయంత్రం ఇస్తే బల్బు ఆర్పగానే ఉన్నట్టుండి చీకటై, దండెం ఎక్కని కోళ్లు నేల మీదే ఉండిపోతాయి. మొదటి వారం పొద్దుపొడుపుకు అరగంట ముందు, రెండో వారం గంట ముందు, ఇలా పెంచుతూ మూడున్నర, నాలుగు గంటలకు తీసుకురండి. టైమరు పెట్టుకోండి. ఒక రోజు వేసి ఒక రోజు మరిచిపోతే అసలు వేయనిదే మేలు, పెట్ట బెదిరి ఉన్న గుడ్లూ ఆపేస్తుంది. నాలుగు నెలలు నిండని పెట్టపిల్లలుంటే వాటిని ఈ వెలుగుకు దూరంగా ఉంచండి. ఒళ్లు ఎదగకముందే గుడ్డుకొస్తే గుడ్డు అడ్డం పడి చచ్చిపోతాయి.

అయితే ఈకలు రాల్చే పెట్టలను వెలుతురు పెట్టి తొందరపెట్టకండి. ఈక దాదాపు మొత్తం మాంసకృత్తే. రెండు మూడు నెలలు అవి తిన్నదంతా ఈకలకు పోతుంది. ఆ నెలల్లో పెట్టకు రోజుకు 10, 15 గ్రాముల చెక్క (నూనె తీశాక మిగిలే పిప్పి) మేతలో కలపండి. వేరుశనగ చెక్కకు నువ్వుల చెక్క కలిపితే ఇంకా మంచిది, ఈకకు కావలసిన మిథియోనిన్ నువ్వుల చెక్కలో ఎక్కువ. వేరుశనగ చెక్క కొనేటప్పుడు విరిచి వాసన చూడండి. బూజు ఉంటే అఫ్లాటాక్సిన్ విషం ఉన్నట్టే, అది కాలేయాన్ని తింటుంది.

పొద్దుగూకే ముందు గంటకు, పెట్టకు 30 గ్రాముల లెక్కన, 12 పెట్టలకు 350 గ్రాముల పైచిలుకు మొక్కజొన్న పలుకులో జొన్నలో చల్లండి. గింజ అరగడానికి రాత్రంతా పడుతుంది, ఆ అరుగుదలే లోపల కుంపటి. ఇది అసలు దాణాకు బదులు కాదు, దాని మీద అదనం. పొద్దస్తమానం గింజలే వేస్తే కోడికి కొవ్వు పట్టి గుడ్లు ఇంకా తగ్గుతాయి. గుల్లల పొడి వేరే గిన్నెలో ఎప్పుడూ ఉండాలి, కావలసినంత అవే తింటాయి.

గ్రామప్రియ పెరట్లో ఏడాదికి 160 నుంచి 180 గుడ్లు పెడుతుంది. ఈ రెండు నెలలు తగ్గినా ఏడాది లెక్కలో పెద్ద నష్టం లేదు. కరెంటు ఖర్చు వద్దనుకుంటే బల్బు పెట్టకుండా వదిలేయండి. మాఘం దాటి పగలు పెరిగాక అవే అందుకుంటాయి.

ప్రశ్న: మా పెట్ట పుష్యంలో పొదుగుకు కూర్చుంది. ఎన్ని గుడ్లు పెట్టాలి? చలికి పిల్లలు అవుతాయా?

జవాబు: అవుతాయి. మామూలుగా 12 పెడతారు కదా, ఇప్పుడు 9 మించొద్దు. పెట్ట రెక్కలు దించుకుని కూర్చున్నాక వంగి పక్క నుంచి చూడండి. ఒక్క గుడ్డు అంచు కనిపించినా ఎక్కువైనట్టే. అది ఒక్క గుడ్డు నష్టం అనుకోకండి. పెట్ట రోజూ గుడ్లు దొర్లించి చోటు మారుస్తుంది, ఈ రోజు బయట ఉన్నది రేపు లోపలికి, లోపలిది బయటికి పోతుంది. అలా గుడ్లన్నీ వంతులవారీగా చల్లబడి అన్నీ చెడతాయి.

గుడ్లు వారం లోపువి కావాలి. మట్టి మూకుడులో పెడితే కింద చెక్కనో రెండు మడతల గోనెనో వేయండి, గచ్చు చలి మూకుడులోంచి గుడ్డుకు ఎక్కుతుంది. కూర్చోబెట్టే ముందు వేపాకు పొడి కలిపిన పొడి బూడిద పెట్ట రెక్కల కింద పట్టించండి, పేలు ఉంటే పెట్ట నిలకడగా కూర్చోదు. రోజుకు ఒకసారి 15, 20 నిమిషాలు లేచి తిని రెట్ట వేసి వస్తుంది. ఆ సమయం ఎండెక్కాక ఉండేలా, మేతా నీళ్లూ దగ్గరే పెట్టి మీరే లేపండి. 7వ రోజు రాత్రి సెల్‌ఫోను టార్చి మీద గుడ్డు పెట్టి చూడండి, ఎర్రటి దారాలు సాలెగూడులా కనిపిస్తే పిల్ల ఉంది, తేటగా ఉంటే తీసేయండి. 21వ రోజున పిల్లలు దిగాక తల్లినీ పిల్లలనూ కనీసం వారం రోజులు గంప కింద ఊక మీదే ఉంచండి.

ప్రశ్న: చలికి మిరియాలు, వెల్లుల్లి, పసుపు నీళ్లలో కలిపి ఇస్తే రోగాలు రావంటారు. నిజమేనా?

జవాబు: కొద్దిగా ఇస్తే హాని లేదు, టీకాకు మాత్రం బదులు కాదు. నీళ్ల రంగూ ఘాటూ మారితే కోళ్లు తాగడం తగ్గించేస్తాయి, చలికాలంలో అసలే తక్కువ తాగుతాయి. దానికంటే పొద్దున్నే గోరువెచ్చటి మంచినీళ్లు పెట్టడం ఎక్కువ మేలు చేస్తుంది. నీళ్లు తాగని పెట్ట మేత కూడా తినదు.

ప్రశ్న: అమెరికాలో మిన్నెసోటాలో ఉంటాం. పెరట్లో ఆరు కోళ్లు, రెండు లెగ్‌హార్న్‌లు, నాలుగు ప్లిమత్ రాక్‌లు. పోయిన వారం చలి మైనస్ 25కు పోయింది. గూడంతా మూసి 250 వాట్ల ఎర్ర బల్బు పెట్టినా లెగ్‌హార్న్‌ల తురాయి కొసలు నల్లబడ్డాయి. ఏం చేయాలి?

జవాబు: అది మంచు కాటు. రుద్దకండి, హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేయకండి, నల్లబడ్డ భాగాన్ని కత్తిరించకండి. ఆ నలుపే కింది బతికిన కండకు కట్టు. కొన్ని వారాల్లో ఎండి తనే రాలిపోతుంది. వాచినా, నీరు కారినా, కోడి తిండి మానేసినా వెటర్నరీ డాక్టరుకు చూపించండి.

మీ గూటికీ పైన చింతపల్లి గూటికీ జబ్బు ఒక్కటే. మూసేసినందువల్ల ఆవిరి నిలిచి, తడి తురాయి మీద చేరి గడ్డకట్టింది. అదే చలిలో పొడిగా ఉన్న తురాయి చాలావరకు తప్పించుకుంటుంది. చూరు కింద రెండు వైపులా గాలి సందులు తెరవండి, వాటికి అరంగుళం కన్ను ఉన్న ఇనుప జాలీ కొట్టండి. దండెం ఎత్తులో మాత్రం గాలి అస్సలు తగలకూడదు. దండేనికి రెండుకు నాలుగు అంగుళాల చెక్కను వెడల్పు వైపు పైకి వచ్చేలా పెట్టండి, పాదాలు ఈకల కింద దాగుతాయి. వాజిలీను పూయడం చాలామంది చేస్తారు, తడి గూట్లో అది కాపాడుతుందని నమ్మి గాలి సందులు మరిచిపోవద్దు.

ఎర్ర బల్బు తీసేయండి. ఈక తగిలినా, క్లిప్పు ఊడినా గడ్డికి నిప్పు అంటుకుంటుంది, ఆ దేశంలో చెక్క గూళ్లు కాలిపోవడానికి అది ఎరిగిన కారణమే. పైగా వేడికి అలవాటైన కోడికి కరెంటు పోయిన రాత్రి ప్రాణాంతకం. మరీ చలి రాత్రులకు, వేడి తక్కువగా ఉండే చదును ప్యానెల్ హీటరు దండెం పక్క గోడకు బిగించుకోవచ్చు.

నీళ్లు గడ్డకట్టకుండా అడుగున వేడిచేసే స్టాండు వాడండి. వెడల్పు గిన్నె వద్దు, తాగేటప్పుడు గొంతు కింది వేలాడే తమ్మెలు మునిగి తడుస్తాయి, అవీ కాటుకు గురవుతాయి. గుడ్లు గడ్డకట్టి పగిలిపోకముందే రోజుకు మూడుసార్లు తీయండి. మంచు మీద అడుగు పెట్టడానికి కోళ్లు జంకుతాయి, దారి పొడవునా ఎండుగడ్డి పరవండి.

వచ్చే ఏడు కొత్త కోళ్లు తెచ్చుకునేటప్పుడు తురాయి చూసి ఎంచుకోండి. లెగ్‌హార్న్‌కు నిటారైన పెద్ద తురాయి, చలికి ముందు బలయ్యేది అదే. కెనడాలోని క్యూబెక్‌లో చలి కోసమే తయారుచేసిన చాంటెక్లేర్‌కు తురాయి తలకు అంటుకుని ఉంటుంది. వయాండాట్, బ్రహ్మ జాతులూ అలాంటివే. మన అసీల్ తురాయి కూడా అలా చిన్నదే, కానీ ఈకలు ఒంటికి బిగుతుగా, పల్చగా ఉంటాయి కాబట్టి మీ చలికి నిలవదు.

ప్రశ్న: సంక్రాంతికి సంతలో రెండు పుంజులు కొన్నాం. వారంలో ఇంటి కోళ్లు పచ్చగా పారుకుంటూ, మెడలు తిప్పేస్తూ నాలుగు చచ్చాయి. బర్డ్ ఫ్లూ అని ఊళ్లో భయపడుతున్నారు.

జవాబు: పచ్చటి పారుడు, నోరు తెరిచి ఊపిరి తీయడం, మెడ వంకర, ఇవి కొక్కెర తెగులు లక్షణాలు. బర్డ్ ఫ్లూలో ఉన్నట్టుండి గుంపుగా చచ్చిపోవడం, తురాయి ఊదారంగుకు తిరగడం, తల వాపు ఎక్కువ కనిపిస్తాయి. కానీ చూపుతో తేల్చేది కాదు, పరీక్షతోనే తేలుతుంది. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ తేలింది కూడా. అందువల్ల పశువైద్య సేవల నంబరు 1962కు ఫోను చేసి చెప్పండి, దాచకండి. చచ్చిన కోళ్లను కాలవలో వేయొద్దు, కోసి చూడొద్దు. చేతులకు కవరు తొడుక్కుని, ముఖానికి గుడ్డ కట్టుకుని, నాలుగడుగుల గొయ్యిలో సున్నం వేసి పూడ్చండి. బతికి ఉన్నవాటిని అమ్మొద్దు, చుట్టాలకు పంపొద్దు.

కొక్కెరకు మందు లేదు, టీకానే. రెండు నెలల వయసు దాటాక రెక్క కింద చర్మంలో అర మిల్లీలీటరు ఆర్‌టూబీ టీకా వేస్తారు. దానికి వారం ముందు నట్టల మందు తాగించాలి. టీకా సీసా ఐసు పెట్టిన ఫ్లాస్కులోనే రావాలి, కలిపాక రెండు గంటల లోపు అయిపోవాలి. ఎండలో జేబులో తెచ్చిన టీకా నీళ్లతో సమానం. జబ్బు కోడికి వేయకండి.

సంత నుంచి, బరి నుంచి వచ్చిన ఏ కోడినైనా మూడు వారాలు ఇంటికి దూరంగా, వేరే గిన్నెలతో కట్టేయాలి. ముందు ఇంటి కోళ్లకు మేత వేసి, ఆ తర్వాతే దాని దగ్గరికి వెళ్లాలి. వెనక్కి వచ్చేటప్పుడు చెప్పులూ చేతులూ కడుక్కోవాలి. మీ గూడు ఇప్పుడు ఖాళీ చేసి, ఊక కాల్చి, గోడలకు సున్నం కొట్టి, డాక్టరు సరేననేదాకా కొత్త కోడిని తేకండి.